నియమము – మినహాయింపు



ఆంగ్లభాషలో “ది ఎక్సెప్షన్ ప్రూవ్స్ ది రూల్” అను నానుడి యొకటి మిక్కిలి ప్రచారమున నున్నది. మినహాయింపే నియమమును రుజువు చేయునని దాని యర్థము. ఇంగ్లీషు చదివిన పిల్లలున్న యిండ్లలో మీరును దీనిని వినియే యుందురు. వినినప్పుడు సందేహము కలుగకపోదు. కాకులన్నియు నల్లనివి అని యొకడనగా, మఱియొకడు తెల్లకాకిని దెచ్చి యెదుట నిలిపెననుకొనుడు. ఆ తెల్లకాకి మొదటివాని మాటను పడగొట్టును గాని నిలువబెట్టు టెట్లు?

మీ సందేహము న్యాయమైనదే. ఈ నానుడి కాకులను గూర్చి పుట్టినది కాదు; వ్రాతపత్రములను గూర్చి పుట్టినది.

ఒక తోట కౌలుపత్రములో “పడమటి గట్టుమీది చింతచెట్లు రెండును కౌలులో చేరవు” అని యున్నదనుకొందము. తక్కిన చెట్ల ప్రసక్తియే పత్రమున లేదు. వేసవి రాగానే మామిడికాయలు ఎవరివని తగవు పుట్టినది. పెద్దమనుష్యు లేమందురు? రెండు చింతచెట్లను ప్రత్యేకముగా మినహాయించుకొనినాడన్నచో తక్కినవి కౌలుదారునకు విడిచినట్లే గదా యందురు. నియమమును ఎవరును వ్రాయలేదు. మినహాయింపే దానికి సాక్ష్యము పలికినది. నానుడి యొక్క అసలు అర్థ మింతియే. (మినహా యను మాటయు పత్రముల మాటయే. అది అరబ్బీనుండి ఫారసీ దస్త్రముల మీదుగా మన పూర్వపు కరణముల లెక్కలలోనికి వచ్చినది.)

ఈ వాదము బహుప్రాచీనము. క్రీస్తునకు పూర్వము 56వ సంవత్సరమున రోమునగరములో బాల్బస్ అను నాతనిపై ఒక అభియోగము నడచినది. అతడు స్పెయిను దేశమునందలి గాదెస్ పట్టణమువాడు. ఆ పట్టణమునే నేడు కాదిజ్ అందురు. అచ్చటి యుద్ధములో రోమువారికి తోడ్పడినందులకు పాంపే యను సేనాని యతనికి రోము పౌరసత్వ మిప్పించెను. అది చెల్లదని ప్రత్యర్థులు వ్యాజ్యెము తెచ్చిరి. ఓడిపోయినచో బాల్బస్ మరల పరదేశియే. అతని పక్షమున వాదించినవారిలో సిసిరో యొకడు. ఆయన సంధిపత్రములను ముందుపెట్టెను. కొన్ని జాతులతో రోమువారు చేసికొన్న సంధులలో, ఆ జాతివారి నెవ్వరిని పౌరులుగా చేర్చుకొనరాదని షరతు గలదు. గాదెస్‌తో చేసికొన్న సంధిలో అట్టి షరతు లేదు. షరతున్నచోట చేర్చుకొనుట నిషిద్ధమైనచో, లేనిచోట అది సమ్మతమే కావలెను గదా యని సిసిరో వాదించెను. బాల్బస్ గెలిచెను. పదునాఱేండ్లు గడచినపిమ్మట, క్రీ.పూ. 40లో, అతడు రోమున అత్యున్నతమైన కాన్సలు పదవి నందెను. పరదేశమున జన్మించి ఆ పదవి నధిష్ఠించినవారిలో అతడే ప్రథముడు.

17వ శతాబ్దమున ఇంగ్లండులోని న్యాయవాదులు ఈ భావమునే ఒక లాటిను సూత్రముగా వాడుచుండిరి. మినహాయింపు నియమమును స్థాపించును, తాను మినహాయింపని విషయములయందు – అని పూర్తి సూత్రము. ప్రాణమంతయు చివరి మాటలలో నున్నది. న్యాయస్థానము దాటి వీధిలోనికి వచ్చుసరికి ఆ చివరి మాటలే జాఱిపోయినవి.

తోక తెగిన పిమ్మట నానుడికి వేఱొక యుద్యోగము దొరికినది. కాలువ నీరు పల్లపు చేలకన్నిటికి చక్కగా అందుచున్నదని యొకరు సభలో చెప్పుదురు. నా చేనికి అందలేదే యని యొక రైతు లేచును. అది మినహాయింపు, మినహాయింపే నియమమును రుజువు చేయును గదా యని చెప్పి వానిని కూర్చుండబెట్టుదురు. ఒకప్పుడు పరదేశి యొకనికి హక్కును నిలిపిన వాదము ఇప్పుడు ఫిర్యాదును నోరు మూయించు సాధనమైనది. పదిమంది రైతులు లేచినను ఇదే సమాధానము చెప్పవచ్చును. అందుకే అది సమాధానము కాదు. ఆంగ్ల వాడుకను గూర్చి 1926లో ప్రసిద్ధ నిఘంటువును రచించిన ఫౌలర్ ఈ నానుడికి అయిదు ప్రయోగములను వేఱుచేసి చూపి, వానిలో కడపటి రెంటిని అర్థరహితములనియే పేర్కొనెను.

దీనిని కాపాడుటకు కొందఱు మఱియొక త్రోవ త్రొక్కిరి. “ప్రూవ్” అను మాటకు పూర్వము పరీక్షించుట యను అర్థమును గలదు; కావున మినహాయింపు నియమమునకు ఒరగల్లు వంటిదని వారి వ్యాఖ్య. వినుటకు సొంపుగానే యున్నది. కాని లాటిను సూత్రపు తోకతో అది పొసగదు. ఒరగల్లు తనపై గీసిన బంగారము సంగతి చెప్పును గాని, గీయని బంగారము సంగతి చెప్పదు గదా!

ఆ తోక విలువ మన వ్యాకరణము చదివినవారికి క్రొత్త కాదు. సామాన్యనియమము ఉత్సర్గము, మినహాయింపు అపవాదము. ఇకారమునకు అచ్చు పరమైనపుడు యకారము వచ్చుట ఉత్సర్గము. ప్రతి, ఏకము కలిసి ప్రత్యేక మగును. పరమైనది ఇకారమే యైనచో దీర్ఘము వచ్చుట అపవాదము. కవి, ఇంద్రుడు కలిసి కవీంద్రు డగును. అపవాదము తన చోటు తాను తీసికొని, తక్కిన చోటంతయు ఉత్సర్గమునకు విడుచును. సంస్కృతమున అపవాద శబ్దమునకు మినహాయింపనియు, నిందయనియు రెండర్థములు గలవు. పండితులు మొదటిదానిని వాడుదురు. మన యూళ్లలో అపవాదు అనగా రెండవదియే నిలిచినది.