చింతపిక్కలతో మొదలుపెట్టండి
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈవేళ నేను మాట్లాడబోయే విషయం వినగానే "ఇదేం చోద్యమమ్మా, ఆడవాళ్ళ కార్యక్రమంలో పేకాట గురించా!" అని మీలో కొందరు బుగ్గలు నొక్కుకుంటారు. నొక్కుకోండి, ఫరవాలేదు. ఒకప్పుడు పేకాట క్లబ్బులోనో, పెళ్ళివారి విడిదిలోనో ఉండేది. ఎవరు వెళ్ళారో, ఎన్నింటికి తిరిగొచ్చారో ఇంట్లో తెలిసేది. ఇప్పుడది సెల్‌ఫోనులో దూరి మన వంటింటి గట్టు మీదికే వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం పని ముగించుకుని నడుం వాల్చి ఫోను తెరిస్తే చాలు, ఎక్కడినుంచో ఒక సందేశం: "వంద రూపాయలతో పోకర్ మొదలుపెట్టండి!" వందే గదా అనిపిస్తుంది. ఆ వంద సంగతే ఈవేళ చూద్దాం.

ముందు ఆట ఏమిటో తెలుసుకోవాలి. తెలియనిదాన్ని తిట్టినా ఒకటే, మెచ్చినా ఒకటే.

పోకర్ మన మూడుముక్కలాటకు దగ్గర చుట్టం. అమెరికాలో పెరిగిన ఆట. 52 ముక్కలు, జోకరు లేదు. ఇప్పుడు ఎక్కువగా ఆడే పద్ధతి పేరు టెక్సాస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. తరువాత బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా ముందు మూడు, ఆపైన ఒకటి, ఆఖరున ఇంకొకటి తెరుస్తారు. మన రెండూ, ఆ ఐదూ కలిపిన ఏడింట్లోంచి మంచివి ఐదు ఏరుకోవాలి. ఒక జత, రెండు జతలు, ఒకే అంకెవి మూడు, వరుసగా ఐదు, ఒకే జాతివి ఐదు, ఇలా మెట్టు మెట్టుగా విలువ పెరుగుతుంది. ముక్కలు తెరిచినప్పుడల్లా పందెం కాయవచ్చు, పెంచవచ్చు, లేదా చేతిలోవి పడేసి తప్పుకోవచ్చు.

కొత్తవాళ్ళకు మొదటి పాఠం ఆ పడేయడమే. చేతికి జత రావడం 17 సార్లకు ఒకసారి. అది ఆసుల జతే కావాలంటే 221 సార్లకు ఒకసారి. అందుకే నిండు బల్ల దగ్గర నేర్పరులు ఐదింట నాలుగుసార్లు ముక్కలు పడేసి, చేతులు కట్టుకుని కూర్చుంటారు. వచ్చిన ప్రతి ముక్కా ఆడాలనుకునేవాడే వాళ్ళకు అన్నం పెట్టేవాడు!

రెండో పాఠం బేరం. అది మనకు ఒకరు నేర్పాలా? మీ చేతిలో రెండు ఆఠీన్లు ఉన్నాయనుకోండి. బల్ల మీద తెరిచిన నాలుగింట్లో మరి రెండు ఆఠీన్లు. ఇంకొక్కటి పడితే ఐదూ ఒకే జాతి. పేకలో ఆఠీన్లు 13. నాలుగు కనబడ్డాయి, మిగిలినవి 9. మీరు చూడని ముక్కలు 46. అంటే మీ ఆఠీను పడేది సుమారు ఐదుసార్లకు ఒకసారి. ఎదుటివాడు పది కాశాడు, మీరూ పది వేయాలి. అతని పదితో కలిపి మధ్యనున్న కుప్పలో 42 అయినా ఉంటేనే బేరం గిట్టుతుంది. ఇరవయ్యే ఉంటే గిట్టదు, పడేయండి. కూరగాయల బండి దగ్గర "ఆ ధరకు వద్దులే నాయనా" అని రెండడుగులు ముందుకు వేయగల ఇల్లాలికి ఈ లెక్క సగం వచ్చినట్టే.

చూశారా, ఆటలో బుద్ధికి పని ఉంది. కాదనను. అయితే ఇక్కడే ఒక మెలిక. నేర్పున్నవాడు గెలుస్తాడనుకుందాం. అసలు బల్ల మీద డబ్బు నిలుస్తుందా?

ఒక లెక్క వేద్దాం. ఆరుగురు కూర్చున్నారు. తలా 200, మొత్తం 1200 రూపాయలు. ఒక్కో ఆటలో కుప్ప సగటున 20 రూపాయలు అనుకుందాం. ఆట నడిపే కంపెనీ ఊరికే నడపదు గదా! ప్రతి కుప్పలోంచి నూటికి ఐదు చొప్పున, అంటే ఇక్కడ ఒక రూపాయి, తన వాటా తీసుకుంటుందనుకోండి. మనుషులు చేత్తో పంచుకుంటే గంటకు పాతిక, ముప్పై ఆటలు. ఫోనులో కలపడం, పంచడం యంత్రమే చేస్తుంది గనుక డెబ్భై దాకా నడుస్తాయి. గంటకు 70 రూపాయలు కంపెనీకి. 17 గంటలకు 1190. ఆరుగురూ సమానమైన నేర్పరులే అయినా, ఎవరి తప్పూ లేకుండానే, ఆ 1200లో బల్ల మీద మిగిలేది పది రూపాయలు!

ఇప్పుడు తెలిసిందా, "చిన్న మొత్తం" అన్న మాటలో ఏముందో? రూపాయి చిన్నదే. గంటకు ఎన్నిసార్లు పోతుందన్నదే చూడాలి. నేనెరిగిన ఒక ఇల్లాలు 2019లో కూతురి కాలేజీ ఫీజుకని దాచిన చీటీ డబ్బు 40,000 రూపాయలు ఆరునెలల్లో ఇలాగే పోగొట్టుకుంది. ఆవిడ ఒక్కనాడూ పెద్ద పందెం కాయలేదు. అన్నీ వందలూ, రెండువందలే. పోయిన వందను తేవడానికి ఇంకో వంద. ఇంట్లో తెలిసేసరికి ఫీజు కట్టే గడువు నాలుగు రోజులుంది. చివరికి గాజులు తాకట్టుకు వెళ్ళాయి. డబ్బుకన్నా, అన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేక ఒక్కతే మోసిన బరువే తనను ఎక్కువ కుంగదీసిందని ఆవిడ అన్నది.

"మరి లక్షలు గెలిచినవాళ్ళు లేరా?" అంటారు. ఉన్నారు. 2003లో అమెరికాలో క్రిస్ మనీమేకర్ అనే లెక్కల గుమాస్తా ఆన్‌లైన్ పోటీలో నెగ్గి, కొద్ది డాలర్ల ఖర్చుతో ప్రపంచ పోకర్ పోటీలో చోటు సంపాదించి, 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ కథ విని ఎందరెందరో ఫోనులూ, కంప్యూటర్లూ తెరిచారు. కానీ ఆ పోటీలో కూర్చున్నవారు 839 మంది. మనకు పేరు తెలిసింది ఒక్కరిది. తక్కినవారి పేర్లు ఏ ప్రకటనలోనూ వేయరు.

ఇక చట్టం సంగతి. రమ్మీ ముఖ్యంగా నేర్పు మీద ఆధారపడిన ఆట అని 1967లో సుప్రీంకోర్టు మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే చెప్పింది. ఆ మాట పట్టుకుని "మాదీ నేర్పు ఆటే" అంటూ ఫోను ఆటలవాళ్ళు చాలాకాలం నడిపారు. తరువాత తెలంగాణలో 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనూ చట్టాలు సవరించి డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. వీటిలో ఆడినవారికీ శిక్ష ఉంది సుమా! 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు ఆటలు నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా అందులో ఉన్నాయి. ఆ నెలలోనే మన దేశపు పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. కాబట్టి ఇంకా "రండి" అని పిలిచేవాడు ఎవడో, డబ్బు ఎక్కడికి పోతుందో ఆలోచించండి. గెలిచినా ఇవ్వకపోతే ఏ గడప తొక్కుతారు?

మరి ఆట మీద సరదా ఉంటే? పోపులడబ్బాలో డబ్బు ముట్టుకోకుండానే తీర్చుకోవచ్చు. పేక ఒకటి, చింతపిక్కలు 200 చాలు. ఐదుగురు కూర్చోండి, తలా 40 పిక్కలు. పిల్లలు, మరుదులు, ఆడపడుచులు, అందరూ రావచ్చు. పక్కన ఒక గాజుగ్లాసు పెట్టండి. ప్రతి కుప్పలోంచి ఒక పిక్క తీసి ఆ గ్లాసులో వేయండి. అదే కంపెనీ వాటా. గంటకు పాతిక ఆటలైతే ఎనిమిది గంటల ఆటకు మీ 200 పిక్కలూ గ్లాసులోనే ఉంటాయి. కాలేజీకి వెళ్ళే అబ్బాయికి మీరు వంద నీతులు చెప్పినా ఎక్కనిది, ఆ గ్లాసు చూస్తే ఎక్కుతుంది.

దానితోపాటు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పాలవాడి లెక్క రాసినట్టే తేదీ, ఎన్ని పిక్కలతో కూర్చున్నారు, ఎన్నింటితో లేచారు, ఎంతసేపు ఆడారు, అన్నీ రాయండి. ఒక నెల గెలుపోటములు చాలావరకు అదృష్టమే. వేల ఆటలు దాటితేగాని నేర్పు ఎంతో తేలదు. ఫోనులో ఉచితంగా ఆడే పోకర్ కూడా ఉంది. అయితే అక్కడ పిక్కలు అయిపోగానే "కొనుక్కోండి" అంటారు. కొనకండి.

చట్టం ఒప్పుకున్న చోట్ల ఉన్న మన పిల్లల సంగతి వేరు. అమెరికాలో న్యూజెర్సీవంటి కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ పోకర్ ఉంది. మీ అబ్బాయో, అల్లుడో అక్కడ ఆడుతుంటే మూడు మాటలు చెప్పండి. ఒకటి, సినిమాకు పెట్టినట్టు, పోయినా ఇల్లు కదలని డబ్బే పక్కన పెట్టమనండి. రెండు, అందులోనూ ఇరవయ్యో వంతుకు మించి ఒక బల్ల దగ్గరికి తీసుకెళ్ళొద్దనండి. మూడు, నెలకు ఇంతకన్నా వేయకుండా ఖాతాలోనే హద్దు పెట్టుకునే వీలుంది, దాన్ని మొదటిరోజే పెట్టుకోమనండి. ఓడిన రాత్రి పెట్టుకునే హద్దు నిలవదు.

ఇప్పటికే ఎవరింట్లోనైనా డబ్బు పోయి ఉంటే, దాచకండి. మోసం జరిగితే 1930కి వెంటనే ఫోను చేయండి. మానలేక మనసు కుదురు తప్పితే 14416 అనే టెలిమానస్ నంబరు ఉంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఇంట్లో చెప్పుకున్నవారిని కసరకండి. ఇవాళ కసిరితే రేపటినుంచి చెప్పరు, ఆట మాత్రం ఆగదు.

ఈ ఆదివారం చారుకు చింతపండు పిసికినప్పుడు పిక్కలు పారేయకండి. కడిగి, ఎండబెట్టి, లెక్కపెట్టి ఉంచండి.

సెలవు.