సర్దుకుపొమ్మనే ముందు



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటైందో ఆ లాయరమ్మ, తన దగ్గరికొచ్చిన ఆడవాళ్లను మొదట “కొట్టాడా?” అని అడిగేవారు కాదట. “నీ ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది?” అనేవారట.

2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం కూడా దెబ్బల దగ్గర ఆగలేదు. లైంగిక హింస, తిట్లు, అవమానాలు, స్త్రీధనం అమ్మేయడం, ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, అన్నీ హింసేనంది. భార్యకే కాదు, తల్లికీ అక్కచెల్లెళ్లకూ, పెళ్లి లేకుండా కాపురం చేస్తున్నవాళ్లకూ వర్తిస్తుంది.

దెబ్బ కమిలి కనిపిస్తుంది, అదుపు అలా కనిపించదు. భార్య ఫోన్ పాస్‌వర్డ్ భర్త అడగడం ముద్దుగానే మొదలవుతుంది. తర్వాత పుట్టింటికి ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టమంటాడు. కొన్నాళ్లకు ఆమె ఏం మాట్లాడాలన్నా ముందు అతని ముఖం చూస్తుంది. మా ఇళ్లల్లో అలాంటివి లేవండీ అనేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో నూటికి 77 మంది ఎవరికీ చెప్పుకోలేదు, సాయం అడగలేదు. చెబితే మనమేమంటామో వాళ్లకు తెలుసు.

“బయటికొచ్చేయొచ్చుగా” అంటాం. బయటికి రావాలనుకున్నప్పుడే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి కేసు పెడతానని అతన్ని ముందే బెదిరించవద్దు. ఆధార్, పాస్‌బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు, ఆస్పత్రి చీటీల నకళ్లు నమ్మకమైన మనిషి దగ్గర ఉంచాలి. అతను చూసే ఫోన్ నుంచి కాకుండా వేరే ఫోన్ నుంచి మహిళల హెల్ప్‌లైన్ 181కి చేయాలి. ప్రాణం మీదికొస్తే 112. డాక్టరు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పి రాయించుకోవాలి. బాత్రూంలో జారిపడ్డానన్న మాట రికార్డుకెక్కితే రేపు కోర్టులో అదే అడ్డొస్తుంది.

హింసకు గురైన స్త్రీల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో కొద్దిరోజులు తలదాచుకోవచ్చు. ఈ చట్టం కింద నియమితులైన రక్షణాధికారి ద్వారా గానీ నేరుగా గానీ మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఇల్లు భర్త పేర ఉన్నా అందులో ఉండే హక్కు ఆమెకుంది. మేజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును అతను మీరితే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అర్జీని 60 రోజుల్లో తేల్చాలని చట్టం ఆశించింది. వాయిదాలకు తిరిగినవాళ్లు ఆ మాటకు నవ్వుతారు. అయినా తీర్పుకు ముందే మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చని వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు.

కోర్టు కన్నా నాకు భయం పంచాయితీ చేసే పెద్దమనుషులంటేనే. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి “ఏమ్మా, నిజమేనా?” అంటారు. ఆమె అవునంటే, పంచాయితీ ముగిశాక అతని బండి మీదే ఇంటికెళ్లాలి. అడగదలిస్తే విడిగా, అతను లేనప్పుడు అడగండి.

హింస జరుగుతోందని ఎవరైనా రక్షణాధికారికి తెలపవచ్చు. సదుద్దేశంతో తెలిపినవారిపై ఏ కేసూ నిలవదని చట్టం నాలుగో సెక్షన్ భరోసా ఇస్తోంది. ప్రాణాపాయం ఉంటే తప్ప, ఆమెకు చెప్పకుండా ఆ పని చేయకండి. ఆ రాత్రి ఆ ఇంట్లో ఉండాల్సింది ఆమే.