వాస్తువిద్య – నేటి గృహనిర్మాణము

 

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల విశ్వబ్రాహ్మణుల యెదుట వాస్తువును గూర్చి ప్రసంగించుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. అయినను మన విద్యలో మనమే మఱచుచున్న భాగమొకటి కలదని విన్నవింప సాహసించుచున్నాను.

నేడు వాస్తువనగా ద్వారము మార్చుట, గోడ పడగొట్టుట యని జనులు తలంచుచున్నారు. శాస్త్రము దిక్కులను చెప్పినమాట నిజమే. కాని భూపరీక్షనుగూడ విధించినది గదా! 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో మూరెడు గొయ్యి త్రవ్వి, ఆ మన్నుతోనే పూడ్చి చూడుమనెను. మన్ను మిగిలిన భూమి శ్రేష్ఠము; సరిపోయినది మధ్యమము; చాలనిది వర్జ్యము. గట్టినేల త్రవ్వినపుడు మన్ను గుల్లబాఱి మిగులును. ఇది మూఢవిశ్వాసము గాదు, పరీక్ష.

ఇట్టి యెఱుకతో కట్టినవి యెంతకాలము నిలుచునో చూడగోరువారు సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱికి పోవలెను. అచ్చటి నామేశ్వరాలయము 1202లోను, ఎఱకేశ్వరాలయము 1208లోను వెలసినవి. 1213 నాటి పాలంపేట రామప్పగుడి పునాదికి ఇసుకను, శిఖరమునకు నీటిపై తేలు ఇటుకలను వాడిన నేర్పు లోకప్రసిద్ధము. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. కట్టినదానిని మరల కట్టనక్కఱ లేకుండుటయే మొదటి పొదుపు.

గుడులమాట యటుండనిండు. మన పెద్దల భవంతి యిండ్లలో నడిమి వాకిలి వేడిగాలిని పైకి విడిచి, వెలుతురును లోనికి దెచ్చెడిది. మందమైన మట్టిగోడ పగటి వేడిమిని వెంటనే లోనికి రానీయకుండెడిది. నేటి యింటికప్పు ఎండకు కాగి రాత్రియంతయు సెగలు గ్రక్కును. అందుచే చల్లదనమును విద్యుత్తుతో కొనుచున్నాము.

కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో సున్నపురాయి సమృద్ధముగా గలదు. పూర్వులు సున్నపురాతిని బట్టీలో కాల్చి, గానుగలో నూరి గచ్చు చేసిరి. నేడు సిమెంటు కొఱకు దానినే సుమారు 1450 డిగ్రీల వేడిమిలో కాల్చుచున్నారు. రెంటను బొగ్గుపులుసు గాలి వెలువడును. కాని సున్నము గట్టిపడునపుడు అందు చాల భాగమును మరల పీల్చుకొనును. ప్రపంచమున మానవుల చేతలవలన వెలువడు ఆ గాలిలో నూటికి 7, 8 వంతులు సిమెంటు పరిశ్రమవలననే. సిమెంటు వలదని నేననను. వంతెనలకు, మేడలకు అది కావలెను. ఆ కర్మాగారములపై ఎన్నో కుటుంబములు బ్రతుకుచున్నవి. ఒక అంతస్తు యింటికైన సున్నమును, మట్టిని తలంపరాదా?

గచ్చు నూరుట, దూలములు దంతెలు కూర్చుట యెఱిగిన వృద్ధులు తగ్గుచున్నారు. వారి మాటలను వ్రాసికొని, యువకులను వారిచెంత పనికి నిలుపుదము. వాస్తువు చెప్పు పెద్దలకు నా ప్రార్థన యొక్కటే: దోషమని చెప్పి గట్టిగోడను పడగొట్టింపకుడు. గృహస్థుని ధనము, ఇటుకను కాల్చిన వంటచెఱకు, మన పనివాని చెమట మూడును మన్నుపాలగును. నిలుచునట్లు కట్టుట మన కులవిద్య, కూల్చుట గాదు.