తప్పొప్పులు చెప్పు తీరు



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభవేళ, పదిమందిని నడపు పెద్దలు తమవెంట పనిచేయువారికి తప్పొప్పులు చెప్పవలసిన తీరును గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను. నేను పండితుడను గాను; లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. భారత రామాయణములు ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే చదువుకొంటిని.

పూర్వము నాయొద్ద పని నేర్చుకొనుచున్న కుర్రవాడొకడు చిట్టాలో 540 రూపాయలను 450 అని వ్రాసెను. రైతులు నిండుగా కూర్చుండగా, "నీకు ఈ జన్మకు లెక్కలు రావు" అంటిని. అంకె దిద్దబడెను గాని కుర్రవాని నోరు మూతపడెను. కొన్ని నెలలకు ఒక రైతు చెల్లించిన బాకీ ఖాతాకెక్కక, అతని యింటికి మరల తాఖీదు పోయెను. ఆ పొరపాటు కుర్రవానికి ముందే తెలియునట. నాతో చెప్ప భయపడెనట. ఆ రైతు నలుగురిలో తలవంచుకొన్న పాపము నాది.

ఒప్పును చెప్పుటయు నాకు చేతగాదని ఆ రాత్రి రామాయణము తిరుగవేయుచుండగా తోచినది. కిష్కింధాకాండమున హనుమంతుని తొలి పలుకులు విని శ్రీరాముడు "బాగున్నది" అని ఊరకుండలేదు. ఇంతసేపు పలికినను అపశబ్దము దొర్లలేదనియు, మాటలో తొందరగాని సాగదీతగాని లేదనియు, కనుబొమలయందైనను వికారము కానరాలేదనియు లక్ష్మణునకు విడమరచి చెప్పెను. మెప్పు అట్లుండవలెను.

వ్యాసభారత సభాపర్వమున నారదుడు ధర్మరాజునకు రాజనీతిని ప్రశ్నల రూపమున బోధించెను. గణకులు, లేఖకులు ప్రతిదినము పూర్వాహ్ణమున ఆయవ్యయములు చూచుచున్నారా యనునది అందొకటి. ప్రశ్న విన్నవాడు తన లోపమును తానే వెదకుకొనును. నింద విన్నవాడు దానిని దాచుకొనును.

మరునాడు కుర్రవానిని ఒంటరిగా పిలిచి, నా తప్పు ఒప్పుకొని, పాత చిట్టా తెరచి, "భేదము 90; తొమ్మిదితో భాగింపబడుచున్నది. ఏమనుకొనవలెను?" అని అడిగితిని. "అంకెలు తారుమారైనవేమో నండీ" అనెను. నేడు నా కూడికలలోని పొరపాట్లను అతడే చూపుచున్నాడు. నాకు అంతకంటె సంతోషము లేదు.

పెద్దలారా! తప్పును తడవుచేయక చాటున చెప్పుడు. ఒప్పును నలుగురిలో, ఇదియని గురుతుపట్టి చెప్పుడు. రేపు ఇచ్చట పుస్తకముల పట్టీ వ్రాయు పిల్లలు తమ పొరపాటును తామే మనయొద్దకు తెచ్చిననాడు మన పెద్దరికము నిలిచినట్లు.

సెలవు.