భిలాయి నగరమున చూడదగినవి, వినదగినవి

(సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



క్రొత్తగా భిలాయికి వచ్చినవారికి ఈ యూరి సంస్కృతిని, వినోదములను పరిచయము చేయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. వినుటకిది సులభమైన పనిగా తోచును. కాని ఈ యూరిలో చూడదగినది ఏమియు లేదను అభిప్రాయము మనవారిలో పెక్కుమందికి గాఢముగా నాటుకొని యున్నది. బదిలీపై వచ్చిన వారమునందే తిరుగు బదిలీకి అర్జీ పెట్టువారు కలరు. ముప్పది సంవత్సరములు కొలువు చేసి, క్వార్టరు, కార్యాలయము, దేవాలయము అను మూడింటి నడుమనే తిరిగి, చివరకు విజయనగరమునకో శ్రీకాకుళమునకో మరలిపోయినవారును కలరు. వారిని ఆక్షేపించుట నా యుద్దేశము గాదు. పొట్టకూటికై వచ్చినవానికి ఊరు చూచు తీరిక యెక్కడిది? ఐనను వారు చూడక విడిచిపోయిన దెట్టిదో నేడు కొంత మనవి చేసెదను.

ముందుగా మన పవర్ హౌస్ సంగతి. ఈ పేరు విన్నంతనే క్రొత్తవారు విద్యుత్కేంద్రమును తలంతురు. ఇచ్చటివారికి మాత్రము అది రైలు స్టేషను పేరు, అంగళ్ళపేట పేరు. రాయపూరునుండి వచ్చువారికి దుర్గుకంటె ముందుగా ఈ స్టేషను తగులును. రాయగడ, టిట్లాగఢ్, రాయపూరుల మీదుగా విశాఖపట్టణమునుండి వచ్చుట మనవారి పాత దారి. 2024 సెప్టెంబరునుండి దుర్గు, విశాఖపట్టణముల నడుమ వందే భారత్ బండియు నడచుచున్నది. మీ యింటికి వచ్చిన చుట్టమును సెక్టార్ల విశాలమైన వీథులకు తిన్నగా కొనిపోవక, తొలుత ఈ పేట వీథులలో నడిపింపుడు. ఛత్తీస్‌గఢీ, హిందీ, ఒడియా, పంజాబీ, వంగము, మలయాళము, తెలుగు ఒక్క కూరగాయల గంప చుట్టును వినవచ్చును. ఖుర్సీపారు దిక్కునకు పోయినచో మన ఉత్తరాంధ్రపు యాసయే స్వాగతము పలుకును. పేట ముచ్చటతోపాటు పేట దుఃఖమును కూడ చెప్పవలెను. 1992 జూలై 1వ తేదీన ఈ స్టేషను పట్టాలపై ఆందోళన చేయుచున్న కార్మికులపై కాల్పులు జరిగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఊరు చూడవచ్చినవారు ఆ పట్టాల దగ్గర ఒక్క నిమిషము నిలిచిన తప్పులేదు.

ఈ నగరము పుట్టుక మీకు తెలిసినదే. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ గారు మొదటి ఊదుకొలిమిని ప్రారంభించిరి. ఆ స్నేహమునకు గుర్తుగా 1972లో ఏర్పడినది మరోదా వద్దనున్న మైత్రీబాగ్. పిల్లలకు తెల్లపులులు, బొమ్మరైలు, పడవలు అచ్చట పెద్ద ఆకర్షణ. సివిక్ సెంటరులోని నెహ్రూ ఆర్ట్ గ్యాలరీలో చిత్రప్రదర్శనలు జరుగును. సెక్టారు 1లోని నెహ్రూ సాంస్కృతిక భవనము నాటకములకు, సంగీతమునకు నెలవు. వీనిని గూర్చి విస్తరింపను. దారి అడిగిన ఎవరైనను చూపుదురు.

ఒకింత దూరము పోగలవారు చరోదా సమీపమునగల దేవబలోదా శివాలయమును చూడవలెను. కలచురుల కాలమున, పదుమూడవ శతాబ్దమున వెలసిన యెర్రరాతి గుడి యది. శిఖరము పూర్తి కాలేదు. కారణముగా అచ్చటివారొక కథ చెప్పుదురు. శిల్పి దిగంబరుడై ఏకాగ్రతతో పని చేయుచుండెనట. ప్రతిదినము భార్య అన్నము తెచ్చెడిది. ఒకనాడు ఆమెకు మారుగా చెల్లెలు వచ్చుట చూచి, సిగ్గుచే అతడు ప్రక్కనున్న కుండములోనికి దూకెనట. కథ నిజమో కాదో గాని, మహాశివరాత్రికి అచ్చట జరుగు తిరునాళ్ళు మాత్రము కన్నులపండువు.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. ఈ దేశపు సంస్కృతి కట్టడములలో కంటె కంఠములలో నున్నది. అందు మొదట చెప్పవలసినది పండవానీ. ఇది పాండవుల కథాగానము. ఇందు రెండు శాఖలు గలవు. వేదమతి శాఖవారు కూర్చుండి, సబల్ సింగ్ చౌహాన్ రచించిన మహాభారతము ననుసరించి పాడుదురు. కాపాలిక శాఖవారు నిలుచుండి, పాత్రలను అభినయించుచు, కథను అప్పటికప్పుడు పెంచుచు పాడుదురు. భిలాయి సమీపమున గనియారి గ్రామమున జన్మించిన తీజన్ బాయి ఈ రెండవ శాఖకు దేశదేశముల కీర్తి తెచ్చిన గాయని. స్త్రీలు కూర్చుండియే పాడవలెనను ఆచారమును కాదని ఆమె నిలిచి పాడెను. అందులకు కులమువారు వెలివేసిరి. ఆమె పాట మానలేదు. మన ఉక్కు కర్మాగారమే ఆమెకు కొలువు నిచ్చెను. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ ఆమెను వరించెను. ఆమె చేతి తంబురా ఒక క్షణము భీముని గద, మరుక్షణము అర్జునుని విల్లు అయ్యెడిది.

ఈ మాట వినుచుండగనే మీ మనస్సులకు మన కళలు తోచియుండును. తంబురా చూచిన బుఱ్ఱకథ జ్ఞప్తికి రాదా? మన వంతవాడు "తందాన తాన" అనినట్లే, పండవానీలో ప్రక్కనున్న రాగి ఊకొట్టుచు, ప్రశ్నలు వేయుచు కథను ముందునకు నడుపును. ఒక్కరే అన్ని పాత్రలును తామై నిలిచి ఆడుట చూచినచో హరికథ స్ఫురింపదా? విజయనగరపు ఆదిభట్ల నారాయణదాసుగారి సీమనుండి వచ్చిన మనకు ఇది పరాయి కళ యగునా? భాష తెలియదని వెనుదీయవలదు. కథ మనకు ఉగ్గుపాలనాటిదే.

తరువాతిది నాచా. ఊరి నడుమ రాత్రియంతయు సాగు హాస్యనాటక మిది. ఈ నాచా నటులనే వెంటబెట్టుకొని, రాయపూరున జన్మించిన హబీబ్ తన్వీర్ ప్రపంచరంగస్థలమున నిలిచెను. 1975నాటి "చరణ్‌దాస్ చోర్" 1982లో ఎడింబరోలో బహుమతి నందెను. దుర్గు ప్రాంతపు బఘేరా గ్రామస్థుడగు దావూ రామచంద్ర దేశ్‌ముఖ్ 1971లో "చందైనీ గోందా" ప్రదర్శనతో ఛత్తీస్‌గఢీ పాటకు క్రొత్త గౌరవము తెచ్చెను. డిసెంబరు 18న గురు ఘాసీదాసు జయంతినాడు సత్నామీలు చేయు పంథీ నృత్యము తప్పక చూడదగినది. మాందరు వేగము హెచ్చినకొలది నర్తకులు ఒకరి భుజములపై నొకరు నిలిచి గోపురములు కట్టుదురు.

పండుగలలోను మనకు చుట్టరికమే. దీపావళి దినములలో బుట్టలో మట్టిచిలుక నుంచి, చుట్టును చప్పట్లతో స్త్రీలు పాడు సువా పాటలు మన గొబ్బిళ్ళకు, బతుకమ్మకు అక్కచెల్లెండ్రు. పుష్యపూర్ణిమనాడు పిల్లలు "ఛేర్‌ఛేరా" యని ఇంటింట ధాన్యము యాచింతురు. శ్రావణ మాసపు అమావాస్యకు హరేలీ. ఆనాడు వెదురు కాళ్ళపై నడక. వేసవిలో వీరు తిను బోరే బాసి మన చద్దియన్నమే; చీలా మన యట్టే. పొరుగింటివారు పెట్టినప్పుడు మొగమాటమునకు గాక, ప్రీతితో తినుడు. మరియొక ముచ్చట: ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న అవతరించెను, ఛత్తీస్‌గఢ్ 2000 సంవత్సరమున అదే తేదీన అవతరించెను. పుట్టినదినమునందును చుట్టరికమే.

మన కూడలి సెక్టారు 5లోని బాలాజీ మందిరము. ఆంధ్ర సాహిత్య సమితివారి ఆధ్వర్యమున అచ్చట స్వామివారి సేవతోపాటు తెలుగు మాటయు నిలిచియున్నది. అతిథిని అచ్చటికి తప్పక తీసికొని పొండు. కాని అచ్చటనే ఆపవలదని నా మనవి.

ఏల యందురా? స్పెయిను దేశమున బిల్బావో అను నగరము కలదు. అదియు మనవలెనే ఇనుము, ఉక్కు నమ్ముకొని పెరిగిన యూరు. పొరుగు సీమల కూలీలతో నిండిన యూరు. 1902లో ఏర్పడిన అచ్చటి గొప్ప ఉక్కు సంస్థ 1996లో మూతపడెను. 1997లో అచ్చట గుగ్గెన్‌హైమ్ అను చిత్రశాల తెరవబడి లోకమునంతయు ఆకర్షించెను. చిత్రశాలయే ఊరిని బ్రతికించెనని పలువురందురు. అది సగము సత్యమే. ఆ యూరి బృందగాన సమాజము 1886నాటిది. అర్రియాగా నాటకశాల 1890నాటిది. ఆగస్టు నెలలో తొమ్మిది దినములు వీథులలో జరుపుకొను మహోత్సవము 1978నుండి ప్రజలే నడుపుకొనుచున్నారు. బాస్కు భాషను కాపాడుకొను పట్టుదల వారికున్నది. చల్లారిన ఊదుకొలిమి నొకదానిని సెస్టావో వద్ద స్మారకముగా నిలుపుకొనిరి. కొలుములు ఆరినను కంఠములు ఆరలేదు. అందుచేతనే క్రొత్త కట్టడమునకు ప్రాణము వచ్చెను.

మన కొలుములు మండుచునే యున్నవి, అదృష్టము. కాని తొలినాటి తెలుగు కుటుంబములు ఒక్కొక్కటిగా తరలిపోవుచున్నవి. కర్మాగారమున ఉద్యోగుల సంఖ్య నానాటికి తగ్గినది. మన సభలలో ముందువరుస నిండుచున్నది, వెనుకవరుస ఖాళీ యగుచున్నది. మన పిల్లలు తెలుగు మాటలాడుదురు. బోర్డుమీది తెలుగక్షరము చూచి తల తిప్పుకొందురు. వారికి ఛత్తీస్‌గఢీ పాటయు అందక, తెలుగు పద్యమును అందక పోయినచో ఏ ఊరి బిడ్డలని చెప్పుకొందురు?

కావున రెండు ప్రార్థనలు చేసి ముగించెదను. ఒకటి: ఈ యేటి వార్షికోత్సవమున ద్రౌపదీ కథను ఒకే రాత్రి, ఒకే వేదికపై, మొదట పండవానీగా, పిదప హరికథగా వినిపింతము. ఛత్తీస్‌గఢీ పొరుగువారిని అతిథులుగా పిలుతము. రెండు: ఆదివారము ఒక్క గంట పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుదము. నేర్చిన పిల్లలను దేవబలోదాకో, పంథీ నృత్యమునకో తీసికొనిపోయి, చూచినదానిని తెలుగున ఒక్క పుట వ్రాయింతము. తప్పులున్నను దిద్దక ఆ పుటలను వచ్చు సంచికలో అచ్చువేయుదము. నేను చెప్పిన ఈ పరిచయముకంటె అదియే భిలాయికి మేలైన మార్గదర్శిని కాగలదు.