కంప్యూటర్ ఆగినా మన పాట ఆగకూడదు
(కొమురవెల్లిలో గిరిజన యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

మల్లన్న సన్నిధిలో కంప్యూటర్ ముచ్చట ఏమిటని కొందరికి అనిపించొచ్చు. ఇక్కడ మహాశివరాత్రి నాడు ఒగ్గు పూజారులు రంగుల పొడులతో పెద్దపట్నం వేయడం మీలో చాలామంది చూసే ఉంటారు. భక్తులు దాన్ని తొక్కుతారు, పట్నం చెరిగిపోతుంది. అయినా ఎవరికీ దిగులు ఉండదు. ఏ గీత ఎక్కడ మొదలవ్వాలో, ఏ రంగు ఎక్కడ పడాలో వేసేవాళ్ల చేతికి తెలుసు. వచ్చే ఏడు మళ్లీ వేస్తారు. పక్కనే ఉన్న చేర్యాలలో నకాషీ కళాకారుల పద్ధతి కూడా ఇలాంటిదే. కథ చెప్పేవాళ్ల పటం పాతబడితే, అదే కథతో కొత్త పటం గీసి ఇచ్చేవారు.

మరి మన పాటలు ఇప్పుడు ఎక్కడున్నాయి? నానమ్మల చేత పాడించిన తీజ్ పాటలు, పెళ్లికూతురు పుట్టింటిని వదిలేటప్పుడు పాడే ఢావ్లో పాటలు, తండా పెద్దలు చెప్పిన వంశాల వివరాలు ఫోన్లలో తీశాం. తీసినవన్నీ ఒక ల్యాప్‌టాప్‌లో పోశాం. మన గోర్ బోలికి తరతరాలుగా వాడుకలో ఉన్న సొంత లిపి లేదు. నోటి మాటే మన పుస్తకం. ఆ పుస్తకం ఇప్పుడు ఒక డిస్క్‌లో ఉంది. ఆ డిస్క్ చెరిగిపోతే మళ్లీ వేయడానికి ఎవరి చేతికీ తెలియదు.

2024 సంవత్సరాన్ని గుర్తు చేసుకోండి. కోయ డోలి కళాకారుడు, పద్మశ్రీ సకిని రామచంద్రయ్య గారు ఆ ఏడాదే వెళ్లిపోయారు. మార్లవాయికి చెందిన గుస్సాడి కళాకారుడు, పద్మశ్రీ కనకరాజు గారు కూడా ఆ ఏడాదే వెళ్లిపోయారు. వాళ్ల చేత మళ్లీ పాడించుకోలేం, ఆడించుకోలేం. మన తండాల్లోని పెద్దలకు పద్మశ్రీలు లేకపోవచ్చు. రికార్డు పోతే జరిగే నష్టం మాత్రం అంతే.

"ముఖ్యమైనవి పెన్‌డ్రైవ్‌లో కాపీ చేశాం కదన్నా" అంటారు. మంచిదే. కానీ ఫైళ్లు కాపీ చేయడం వేరు, డిస్క్ ఇమేజ్ తీయడం వేరు. ఇల్లు కాలితే సామాన్లు మాత్రం బయటపడటం ఫైళ్ల కాపీ. గోడలు, తలుపులు, సామాన్లు ఎక్కడివక్కడ ఉన్నట్టుగా ఇల్లు మొత్తం మళ్లీ నిలబడటం డిస్క్ ఇమేజ్. విండోస్, మీరు పెట్టుకున్న తెలుగు ఫాంట్లు, ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, సెట్టింగులు, ఫైళ్లు అన్నీ అందులోకి వస్తాయి. డిస్క్ పాడైతే కొత్త డిస్క్ వేసి, ఆ ఇమేజ్‌ను దాని మీదికి దించితే, ఇమేజ్ తీసిన రోజున కంప్యూటర్ ఎలా ఉందో అలాగే లేస్తుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. కంప్యూటర్ లేచేది తన డిస్క్‌లోని విండోస్‌తో. ఆ డిస్కే పోతే, ఇమేజ్‌ను దించే సాఫ్ట్‌వేర్‌ను నడిపేదెవరు? అందుకే రెస్క్యూ పెన్‌డ్రైవ్ కావాలి. అందులో ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టం ఉంటుంది. కంప్యూటర్ తన డిస్క్‌ను వదిలేసి ఈ పెన్‌డ్రైవ్‌తో లేస్తుంది. దీన్ని కంప్యూటర్ బాగున్నప్పుడే చేసి పెట్టుకోవాలి. తాళంచెవి లోపలే పెట్టి తలుపు వేసుకున్నాక వెతికితే ఏం లాభం?

దీనికి డబ్బులు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు. తైవాన్‌లో తయారైన క్లోన్‌జిల్లా ఉచితం. దాని తెర అంతా అక్షరాలే, కొత్తవాళ్లకు కొంచెం బెదురు. రెస్క్యూజిల్లా కూడా ఉచితమే, మౌస్‌తో నొక్కుతూ పని చేసుకోవచ్చు. మొదటిసారి చేసేవాళ్లు దీంతో మొదలుపెట్టండి.

పని ఇలా సాగుతుంది. రెస్క్యూజిల్లా ఫైల్‌ను దాని అసలు సైట్ నుంచే దించుకోండి. రూఫస్ లేదా బలేనా ఎచర్ అనే ఉచిత ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించండి. ఆ పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి. తర్వాత ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. మెనూలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే రెస్క్యూజిల్లా తెరుచుకుంటుంది. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తగిలించి, బ్యాకప్ నొక్కి, ఏ డిస్క్‌ను తీయాలో, ఎక్కడ దాచాలో చెప్పండి. ఛార్జర్ పెట్టే ఉంచండి. నడుమ కరెంటు పోయి ల్యాప్‌టాప్ ఆగితే ఇమేజ్ సగంలో చెడుతుంది.

మూడు జాగ్రత్తలు మనసులో పెట్టుకోండి.

ఒకటి, బిట్‌లాకర్. ఇప్పటి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్‌కు కంటికి కనిపించని తాళం ఉంటుంది. బూట్ సెట్టింగులు మారితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మామూలుగా అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. పని మొదలుపెట్టక ముందే దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. తాళం ఉన్న డిస్క్‌ను రెస్క్యూజిల్లా ఖాళీ జాగాతో సహా మొత్తం తీస్తుంది కాబట్టి ఇమేజ్ చాలా పెద్దదవుతుంది. ఆ లెక్కన చోటు చూసుకోండి.

రెండు, ఇమేజ్ దించేటప్పుడు ఆ డిస్క్ మీద ఉన్నదంతా చెరిగిపోతుంది. డిస్క్ పేరు, సైజు రెండుసార్లు చూసి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని చూపించి, అప్పుడు నొక్కండి. కొత్త డిస్క్ సైజు పాతదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి.

మూడు, పరీక్ష. ఇమేజ్ తీశాం అనుకోవడం చాలదు. రెస్క్యూజిల్లాలో వెరిఫై అనే సదుపాయం ఉంది, ఇమేజ్ చదవగలిగే స్థితిలో ఉందో లేదో చెబుతుంది. ఇమేజ్‌ను తెరిచి ఒక పాట బయటికి తీసి విని చూడండి. వీలైతే పాత డిస్క్ ఒకటి సంపాదించి దాని మీదికి దించి చూడండి. దించి చూడని బ్యాకప్ మీద పూర్తి నమ్మకం పెట్టుకోవద్దు.

"యూట్యూబ్‌లో పెట్టాం, గూగుల్ డ్రైవ్‌లో ఉంది" అనేవాళ్లకు ఒక మాట. యూట్యూబ్ మీ వీడియోను కుదించి పెట్టుకుంటుంది. మీ అసలు రికార్డింగ్‌ను దాచిపెట్టడం దాని పని కాదు. అదీగాక పెద్దలు చెప్పినవన్నీ లోకానికి చూపించేవి కావు. కొన్ని పూజల పాటలు ఇంటివరకే ఉండాలని వాళ్లు కోరితే ఆ మాట నిలబెట్టాలి. ఇక కంప్యూటర్‌తో జత కట్టిన డ్రైవ్‌లో, ఇక్కడ ఒకరు పొరపాటున తుడిచేస్తే అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది. ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది.

బ్యాకప్ డిస్క్‌ను ల్యాప్‌టాప్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచకండి. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అలాంటిది వస్తే తగిలించి ఉన్న డిస్క్‌లోని ఫైళ్లకూ తాళం పడుతుంది. బీరువాలో ఉన్న డిస్క్‌ను అది ముట్టుకోలేదు.

అలాగే ఒక కాపీ వేరే ఊళ్లో ఉండాలి. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి దూరంగా. కంప్యూటర్ పనివాళ్లు చెప్పే లెక్క ఇదే. 1940లలో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండుల మధ్య ఉండి పనిచేశారు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ సంస్థ దాచింది కాబట్టి నేటికీ ఉన్నాయి. కానీ అవి చూడాలంటే మనవాళ్లు లండన్ వైపు చూడాలి. మన రికార్డులు మన తండాల్లోనే, మన చేతుల్లోనే భద్రంగా ఉండాలి. దూరం అంటే పక్క మండలంలో ఉన్న మేనమామ ఇల్లు కూడా దూరమే.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇప్పుడు ఆ అక్షరాలను కంప్యూటర్‌లో రాసుకోవచ్చు. ఆ రాతప్రతులు మన కాలం దాకా రాగలిగాయంటే తరతరాలుగా ఎవరో ఇంట్లో పదిలంగా దాచారు కాబట్టే. ఆ దాచే పని ఇప్పుడు మీ వంతు.

కాబట్టి ఈ సభ నుంచి వెళ్లేముందు ప్రతి తండా నుంచి ఇద్దరు ముందుకు రండి. ఒక్కరు వద్దు, ఇద్దరు. ఒకరు ఉద్యోగానికో చదువుకో పట్నం వెళ్లినా ఇంకొకరికి పని తెలిసి ఉండాలి. రికార్డు చేసిన ప్రతిసారీ అదే రోజు ఫైళ్లు కాపీ చేయండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ, వారి అనుమతి ఒక ఫైల్‌లో రాయండి. ఏడాదికి రెండుసార్లు, సేవాలాల్ జయంతికి ఒకసారి, తీజ్‌కు ఒకసారి, మొత్తం ఇమేజ్ తీయండి. రెస్క్యూ పెన్‌డ్రైవ్‌కు ఎర్రదారం కట్టి, తీసిన తేదీ చీటీ అంటించి, బీరువాలో పెట్టండి. అందులో సినిమా పాటలు ఎక్కించనివ్వకండి.

నానమ్మ ఒక్కసారే పాడింది. ఆ పాటను ఆమె మునిమనవరాలు వినాలి. రాం రాం.