మన ఫోనులో ఇతరుల అమానతు

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!



బట్టల దుకాణంలో బిల్లు కట్టబోతే ముందు ఫోన్ నెంబరు చెప్పమంటారు. టార్చిలైటు కోసం యాప్ దించుకుంటే, అది మన ఫోనులోని పేర్లు, నెంబర్లు చూస్తానంటుంది. దీపం వెలగడానికి మన బంధువుల నెంబర్లతో పనేమిటి? ఆ ప్రశ్న మనం వేయము. 'అనుమతించు' అన్నచోట వేలు నొక్కి ముందుకు సాగిపోతాము. ఆ తర్వాత వేళాపాళా లేకుండా ఎవరెవరో ఫోను చేసి అప్పు కావాలా, ప్లాటు కావాలా అని అడుగుతుంటే విసుక్కుంటాము.

ఆ విసుగు న్యాయమైనదే. అయితే ఈ జుమా నాడు మేము మనవి చేయదలచింది మనకు జరిగే అన్యాయం గురించి మాత్రమే కాదు. మన చేతుల మీదుగా ఇతరులకు జరిగే అన్యాయం గురించి కూడా.

కొంతకాలం క్రితం అసర్ నమాజు ముగిసిన వేళ మాకొక ఫోను వచ్చింది. మాట్లాడినవాడెవరో మాకు తెలియదు. మొదటి సఫ్‌లో నిలబడే ఒక సోదరుని పేరు చెప్పి, ఆయన అప్పు ఎంతో చెప్పి, కట్టకపోతే పరువు తీస్తామని ఆయనకు చెప్పమన్నాడు. మేము ఆ అప్పుకు సాక్షులమూ కాము, జామీనుదారులమూ కాము. అదే రోజు ఆయన కూతురి అత్తవారింటికి కూడా అలాంటి ఫోనే వెళ్లింది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు ఆయన మస్జిదుకు రాలేదు. మేమే ఇంటికి వెళ్లి పలకరించాము. ఆయన తల వంచుకొని, "హజ్రత్, నా వివరాలే ఇచ్చాననుకున్నాను. మీ అందరి నెంబర్లూ ఇచ్చేశానని తెలియదు" అన్నారు.

వడ్డీ అప్పు హరామ్. అందులో సందేహం లేదు. కానీ తప్పు చేసిన మనిషి పరువును బజారుకీడ్చే హక్కు కూడా ఎవరికీ లేదు.

సోదరులారా! పరాయి ఇంట అడుగుపెట్టే ముందు అనుమతి కోరి, ఇంటివారికి సలాము చేయాలని దివ్య ఖుర్ఆన్ అన్‌నూర్ సూరా 27వ ఆయతు విశ్వాసులను ఆదేశిస్తోంది. అల్‌హుజురాత్ సూరా 12వ ఆయతు ఇతరుల గుట్టు కూపీ లాగడాన్ని నిషేధిస్తోంది. సహల్ బిన్ సాద్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది: ఒక వ్యక్తి రంధ్రంలోంచి దైవప్రవక్త (స) గదిలోకి తొంగి చూశాడు. ఆయన అతన్ని తీవ్రంగా మందలించి, అనుమతి నియమం చూపును అదుపు చేయడానికే ఏర్పడిందని తెలియజేశారు. అంటే అడుగు పెట్టకపోయినా, అనుమతి లేని చూపు కూడా అపరాధమే. ఒకరు అటూ ఇటూ చూసుకుని మనతో చెప్పిన మాట అమానతు అవుతుందని కూడా హదీసు బోధిస్తోంది. మరి నమ్మి మనకిచ్చిన నెంబరు, పంపిన ఫోటో అమానతు కావా?

ఇక మా తప్పు మేము ఒప్పుకోవాలి. గత రంజానులో ఈ మస్జిదు తరఫున రేషన్ సంచులు పంచాము. చందాదారులకు లెక్క చూపాలన్న ఉద్దేశంతో, తీసుకునేవారి ఫోటోలు తీయమన్నది మేమే. అవి వాట్సాప్ గ్రూపులో తిరిగాయి. తన ఫోటో చుట్టాల ఫోన్లలో కనబడిందని ఒక వితంతు సోదరి మళ్లీ సంచి కోసం రాలేదు. ఆమె ఆకలికి మేము అల్లాహ్ ఎదుట జవాబుదారులము. అందుకే ఇకపై దానం తీసుకునేవారి ఫోటో తీయము. పెట్టెలో పడివున్న ఆధార్ నకళ్లను చింపివేశాము. పేరు, సంతకం చాలు. ఆ పుస్తకం బీరువాలో ఉంటుంది.

మీరూ ఈ రోజే కొన్ని పనులు చేయండి. ఫోను సెట్టింగులలో ఏ యాప్‌కు ఏ అనుమతి ఉందో చూసి, అక్కరలేనివి తొలగించండి. తమ పరిధిలోని సంస్థల అప్పు యాప్‌లు ఫోనులోని పేర్ల జాబితాను, ఫోటోలను తాకరాదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది. అడిగే యాప్‌ను దగ్గరకు రానీయకండి. పూర్తి ఆధార్ అవసరం లేనిచోట చివరి 4 అంకెలే కనిపించే ప్రతిని ఇవ్వండి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కరలేదని ఇంట్లోని పెద్దవారికి, స్త్రీలకు చెప్పండి. మోసపోతే సిగ్గుపడి దాచక వెంటనే 1930కి ఫోను చేయండి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు రాసి ఉంది. అది తెలుసుకోండి.

అన్నిటికంటే ముందు, ఇతరుల ఫోటోనో నెంబరునో మరొకరికి పంపబోయేటప్పుడు వేలు ఒక్క క్షణం ఆపి, 'ఈ మనిషిని అడిగామా?' అని మనల్ని మనం ప్రశ్నించుకుందాం.

ఓ అల్లాహ్! మా లోపాలను కప్పి ఉంచు. మా సోదరుల లోపాలను కప్పి ఉంచే సద్బుద్ధిని మాకు ప్రసాదించు. మాకు అప్పగించబడిన అమానతులను కాపాడేవారిగా మమ్మల్ని చేయి. ఆమీన్.